సంపు మీది రేకు

రఘు బ్యాగు నేనే సర్దాను. మా ఇంట్లో ఎవరు ఏ ఊరికి బయల్దేరినా బ్యాగు సర్దేది నేనే. ఇంకెవరైనా ముట్టుకుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, తువ్వాలు, బ్రష్షు, వెల్డింగు పనికి తొడుక్కునే తోలు గ్లౌజులు, నిమ్మకాయ ఊరగాయ డబ్బా. అన్నీ పెట్టాక, నీలం గళ్ళ లుంగీ ఒక్కటి బయటికి తీసి బీరువాలో నా చీరల కింద దాచాను.

పోయేవాళ్ళ వస్తువు ఒకటి ఇంట్లో మిగిలితే అది వాళ్ళను వెనక్కి లాగుతుందని నా నమ్మకం. నా మొగుడు జయరామ లారీ మీద పూనాకు పోయినప్పుడు తనవన్నీ తానే మూటగట్టుకున్నాడు. ఆయన పోయాక వెతికితే ఇంట్లో ఆయనదని చెప్పుకోవడానికి ఒక దువ్వెన కూడా లేదు. అప్పటికి నిత్య ఇంకా పాకుతోంది. ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటినుంచి నేనెవరినీ పూర్తిగా సర్దుకుని పోనివ్వను.

రఘు నా తమ్ముడు మునిరత్నం కొడుకు. నా కూతురు నిత్యకు మొగుడు. చిన్నప్పుడు నా ఒళ్ళో పెరిగినవాడు కాబట్టి నా దొంగతనాలన్నీ వాడికి తెలుసు.

"అత్తా, ఈ తూరి ఏం దొంగిలించినావు?" అన్నాడు బ్యాగు చేత్తో ఎత్తి బరువు చూస్తూ.

"నాకేం పనిరా నీ గుడ్డలతో?"

"పోయిన తూరి బెల్టు. అంతకు ముందు ఒక సాక్సు. ఒంటి సాక్సుతో కోయంబత్తూరంతా తిరిగినా. హోటల్లో పిల్లోడు నన్ను చూసి, అణ్ణా ఇంకో కాలు యాడ పెట్టినావు అన్నాడు."

వంటింట్లోంచి నిత్య నవ్వింది. "తీసుకుంటే తీసుకోనీలే బావా. పెళ్ళప్పుడు మా పెద్దోళ్ళంతా నిన్ను 'తగడు, తగడు' అంటాంటే నీకు పిల్లనిచ్చింది మా అమ్మ ఒక్కతే."

"తగడు అన్నారనే కదా తగడు పనిలో పడినా!"

ఇది వాళ్ళిద్దరి మధ్య పాత హాస్యం. అరవంలో తగడు అంటే లోహపు రేకు, ప్లేటు. మన తెలుగులో తగడు అంటే వీడు పనికిరాడని. తిరుత్తణిలో పుట్టి రెండు భాషల్లో మాట్లాడేవాళ్ళం మేము; ఒకే మాట ఒక నోట దీవెన, ఇంకో నోట తిట్టు. నవ్వుకుని ఊరుకుంటాం.

మా కొండ మీది సుబ్రహ్మణ్యస్వామికి ఆడి కృత్తిక పండగ ముగిసిన మరునాడది. కొండకు కావళ్ళతో వచ్చిన బంధువులు ఆ పొద్దునే రైళ్ళు పట్టుకుని పోయారు. వీధి నిండా పసుపు బట్టలు ఆరేసి ఉన్నాయి. రఘు పోవలసింది గుమ్మిడిపూండి దగ్గర ఒక సబ్బుల కంపెనీకి. మా షెడ్డులో చేసి పంపిన వేడి నూనె తొట్టి ఒకటి అతుకు దగ్గర చెమ్మగిల్లుతోందని ఫోను వచ్చింది.

మా షెడ్డు తిరువళ్ళూరులో ఉంది, కాకలూరు వైపు. మునిరత్నం ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నాడు. అల్యూమినియం రేకులు కోసి, వంచి, అతికి తొట్లు, పెట్టెలు, పడవల అడుగులు చేస్తారు. నేను ఎలక్ట్రిక్ రైల్లో క్యారియరు పట్టుకుపోయి, వాళ్ళు తినేదాకా ఒక స్టూలు మీద కూర్చునేదాన్ని. కూర్చుని రేకుల మీద అచ్చు వేసి ఉన్నదంతా చదివేదాన్ని. నన్ను బడికి పంపలేదు. మునిరత్నం ఒకటో తరగతి వాచకం చించి పారేస్తే ఆ కాగితాలు ఏరుకుని అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటపడ్డది చదవకుండా ఉండలేను. పొట్లం కాగితమైనా, మందు సీసా అయినా, రేకైనా ఒకటే.

"ఇదేం అంకెరా? యాభై యాభై రెండు. ఇంకోదాని మీద యాభై ఎనభై మూడు. రెండూ ఒకటిగానే ఉండాయి కదా?" అని ఒకసారి అడిగాను.

"చూసేదానికి కవలపిల్లలక్కా. గుణాలే వేరు." మునిరత్నం మజ్జిగన్నం కలుపుకుంటూ చెప్పాడు. "రెండిట్లోనూ అల్యూమినియంతో మెగ్నీషియం కలిపి ఉంటారు. యాభై రెండులో నూటికి రెండున్నర పాళ్ళు. ఎనభై మూడులో నాలుగున్నర దాకా. మెగ్నీషియం పెరిగేకొద్దీ గట్టితనం పెరుగుతుంది. యాభై రెండు చెప్పిన మాట వింటుంది, ఎట్లంటే అట్ల వంగుతుంది. బస్సు పక్కలు, పెట్టెలు, మామూలు ట్యాంకులు దాంతో చేస్తాం. ఎనభై మూడు మొండిది. మడత దగ్గర బలవంతం చేస్తే పగుల్తుంది. కానీ ఉప్పునీళ్ళకు బెదరదు. అతికినాక కూడా బలం పెద్దగా పోదు. పళవేర్కాడు రేవు పడవలకు అదే. మంచుకన్నా చల్లటి గ్యాసు పోసి పెట్టే ట్యాంకులకూ అదే. ఎంత చలికైనా పెళుసు కాదు."

"అయితే అన్నిటికీ అదే వాడొచ్చు కదా? గట్టిది కదా?"

"వేడికి పనికిరాదు."

"కరిగిపోతుందా?"

"కరగదు. అదే వచ్చిన బాధ." ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించాడు. "రేకు లోపల గింజలు గింజలుగా ఉంటుందక్కా. చెయ్యి పెట్టలేనంత వేడిలో నెలలకొద్దీ ఉంచితే, ఎక్కువగా ఉండే ఆ మెగ్నీషియం ఉన్నచోట ఉండదు. మెల్లగా గింజల పొలిమేరలకు పోయి చేరుతుంది. అప్పుడు గింజకూ గింజకూ పట్టు పోతుంది. పైకి మెరుస్తానే ఉంటుంది. ఒకనాడు అతుకు పక్కన ఇచ్చేస్తుంది. యాభై రెండుకు ఆ తెగులు లేదు. ఉండేదే తక్కువ కాబట్టి."

నేను ఇంటికి వచ్చేదాకా రైల్లో అదే తలచుకున్నాను. చప్పుడు లేకుండా, మెరుస్తూనే, లోపల ఒకదాన్నొకటి విడిచిపెట్టేయడం. మనుషుల్లో చూశాను కానీ లోహంలో కూడా ఉంటుందని నాకు తెలియదు.

ఆ సబ్బుల కంపెనీ తొట్టి అంతకు ముందు ఏడాది చలికాలంలో చేశారు. గడ్డకట్టకుండా రాత్రింబగళ్ళు వేడిగా ఉంచే నూనె కోసం అది. అప్పుడు మునిరత్నానికి కంటి ఆపరేషన్. ఆస్పత్రికి పోయే ముందు షెడ్డులోకి వెళ్ళి, రేకుల దొంతరలు చూసి, ఒకదాని మీద మార్కరుతో ఏదో రాసిపెట్టి పోయాడు. వాడికి వచ్చిన రాత తెలుగు ఒక్కటే. వాడు కంటి కట్టు విప్పుకుని షెడ్డుకు వచ్చేసరికి తొట్టి తయారై, వేడి పోకుండా చుట్టూ దూదిలాంటి మెత్తలు కట్టించుకుని, పైన తొడుగు కూడా వేయించుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"రేకు చూసే వేసినావా?" అని మునిరత్నం అడిగాడు.

"నువ్వు రాసిపెట్టినట్టే వేసినా నాయనా," అని రఘు చెప్పాడు.

"సరి," అని క్యారియరు విప్పుకున్నాడు మునిరత్నం. ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

మిగిలిన ముక్క ఒకటి రఘు తిరుత్తణికి తెచ్చి, మా పెరట్లో సంపు మీద మూతగా వేశాడు. పాత సిమెంటు పలక నేను ఎత్తలేకపోతున్నానని. "పడవకు వేసే రేకత్తా ఇది. రేపు నీకు మనవళ్ళు పుట్టి దీనిమీద ఎగిరి దూకినా వంగదు," అన్నాడు.

బయల్దేరే రోజు గడప దాటి, చెప్పులు వేసుకుంటూ నా వైపు తిరిగాడు. "ఏం దొంగిలించినావో చెప్పనే లేదు."

"వచ్చినాక చెప్తా."

"అయితే వస్తా," అన్నాడు. మా వైపు పోయేవాళ్ళు కూడా వస్తా అనే అంటారు. పోతా అన్న మాట ఎవరూ అనరు.

గురువారం పొద్దున నిత్యా నేనూ సంపు కడుగుదామని కూర్చున్నాం. పండగకు వచ్చినవాళ్ళు నీళ్ళన్నీ వాడేసి అడుగున మడ్డి మిగిల్చిపోయారు. నిత్య రేకు ఒక అంచు పట్టింది, నేనొక అంచు పట్టాను. గోడకు ఆనించి నిలబెట్టాం. అడుగువైపు నాకు ఎదురుగా వచ్చింది. నల్లటి మార్కరుతో, నా తమ్ముడి వంకర చేతిరాత. ఒక్కటే మాట.

తగదు.

కంటపడ్డది చదవకుండా ఉండలేనని చెప్పాను కదా. చదివాను. మళ్ళీ చదివాను. ఇది సరిపడదు, వద్దు అని. పక్కన అచ్చు అంకె చూశాను. యాభై ఎనభై మూడు.

"నిత్యా, ఈ ముక్క యాడిది?"

"సబ్బుల కంపెనీ తొట్టిది కదమ్మా. మిగిలింటే బావ తెచ్చినాడు."

"దీనిమీద ఏం రాసుందో చదువు."

నిత్య తడి చేతులు చీరకు తుడుచుకుని వంగింది. దానికీ రఘుకీ చదువు అరవంలోనే. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. "త... గ... డు. తగడు. ప్లేటు అని రాసినాడు మామ. ప్లేటు మీద ప్లేటు అని ఎందుకు రాసినాడో!" అని నవ్వింది.

ద, డ. ఒక చిన్న మెలిక తేడా. నా తమ్ముడి రాతలో అదీ సరిగా తెలియదు. వద్దు అని వాడు గుర్తు పెట్టిన రేకును, ఇదే ప్లేటు అని చూపించాడనుకుని కొడుకు కోశాడు. గుర్తు లేని యాభై రెండు పక్కన పడి ఉంది.

ఫోను తెమ్మన్నాను.

రఘు వెంటనే ఎత్తాడు. వెనక కంప్రెసరు మోత. "ఉండత్తా, గేటు కాడికి వస్తాండా. ఈడ ఏం వినపడదు." మోత తగ్గింది. "ఇప్పుడు చెప్పు. లుంగీ కదా? నిన్ననే కనిపెట్టినా. తువ్వాలు చుట్టుకుని పండుకున్నా."

"రేయ్, ఆ తొట్టి రేకు మీద మీ నాయన తగదు అని రాసినాడురా."

"అవును, రాసినాడు. పడవ రేకెందుకో అనుకున్నా, నాయన రాసినాడు కదా అని దాన్నే ఎత్తినా."

"తగదురా, తగదు!"

"నేనూ అదే కదా చెప్తాండేది? తగడు. నీకేమైందత్తా, పొద్దున్నే కాఫీ తాగలేదా?"

"ప్లేటు కాదురా నాయనా. వద్దు అని. అరవంలో వేండాం అంటారే, అది. వేండాం అని రాసినాడు మీ నాయన. వేడికి ఎనభై మూడు వద్దని."

అటువైపు ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినబడింది.

"అత్తా," అన్నాడు. వాడి గొంతు చిన్నప్పటి గొంతులా అయింది. "ఏడాదిన్నరగా కాగుతాండాది అది."

"ఖాళీ చేసినారా?"

"సగమే తీసినారు. రేపు సబ్బులకు నూనె కావాలంట, మిగతాది అట్లే పెట్టినారు. పైన మనోళ్ళు ఇద్దరు తొడుగు విప్పుతాండారు. వాళ్ళను దించేసి ఫోన్ చేస్తా. వస్తా."

మునిరత్నానికి చేశాను. తిరువళ్ళూరు షెడ్డులో ఉన్నాడు. నేను చెప్పింది విని, "ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు.

"నీ రాతే. మా సంపు మీద ఉంది."

షెడ్డు బండి తీయమని ఎవరినో కేకేయడం వినబడింది.

సంపు నోరు తెరుచుకుని అలాగే ఉంది. అడుగున మిగిలిన నీళ్ళలో ఆకాశం ముక్క కదులుతోంది. నిత్య మెట్టు మీద కూర్చుని రఘు నంబరు నొక్కుతోంది. రింగవుతోంది, ఎత్తడం లేదు. "దించుతాంటాడు, పైన ఉంటాడు, ఎట్లెత్తుతాడు," అని నాకు చెబుతోంది. నాకు చెబుతోందో తనకు చెప్పుకుంటోందో. మళ్ళీ నొక్కుతోంది.

మునిరత్నం ఫోను వచ్చింది. పక్కన అమ్మవారి పంబై డప్పు మోగుతోంది. "అక్కా, పెరియపాళయంలో ఇరుక్కున్నా. అమ్మవారికి ఆడి నెల గుంపు. వేపాకు చీరలు కట్టినోళ్ళు రోడ్డంతా ఉండారు. బండి కదల్లే. వాడు ఎత్తినాడా?"

"ఎత్తలేదు."

"పైన ఉంటాడు."

"అదే అంటాండాది నిత్య."

"పైన ఉంటాడక్కా," అని మళ్ళీ అన్నాడు.

తర్వాత జరిగింది మాకు సతీష్ చెప్పాడు. ఆర్.కె.పేట పిల్లవాడు, మావాడే, షెడ్డులో ఫిట్టరు. కర్మ రోజు వచ్చి, అన్నం ముట్టకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"కింద నుంచి కేకేసినాడు పెద్దమ్మా. దిగండ్రా, దిగండ్రా అని. ఇంకో రెండు మెత్తలేనన్నా అన్నా. అన్న ఎప్పుడూ నన్ను తిట్టినోడు కాదు. ఆ రోజు తిట్టినాడు. నేను దిగేసినా. నాతో పైన ఉన్న దేవేంద్రన్ నడుముకు కట్టిన తాడు కొక్కేనికి ఇరుక్కుంది. రాలే. అన్నే ఎక్కినాడు. తాడు కోసి వాణ్ణి ఈ పక్కకు తోసినాడు. వాడు నిచ్చెన పట్టుకున్నాడు. అప్పుడు అతుకు పక్కన..." చేత్తో గాలిలో ఒక గీత గీశాడు. "పెద్ద చప్పుడు లేదు పెద్దమ్మా. గుడ్డ చించినట్టు అంతే. అన్న కాళ్ళ కింద రేకు లేదు, కాగే నూనే ఉంది."

దేవేంద్రన్ బతికాడు. తిరువళ్ళూరు అబ్బాయి. భార్యతో వచ్చి మా గడపలో నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. నిత్యే పోయి వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చింది.

నేను ఒకటే ఆలోచిస్తుంటాను. ఫోను చేసేసరికి రఘు గేటు దగ్గర, టీ కొట్టు పక్కన ఉన్నాడు. నా మాట విని వెనక్కి తిరిగి లోపలికి నడిచాడు. చేయకపోతే పైన ఇద్దరు ఉండేవాళ్ళు. చేస్తే ఒకడు పోయాడు. ఎటు తిప్పి చూసినా ఈ లెక్కలో నాకు వాడు మిగలడు. మునిరత్నం ఇప్పుడు ఏమీ రాయడు. షెడ్డులో రేకులకు రంగులు పూయిస్తున్నాడట. వేడికి పనికొచ్చేదానికి ఎరుపు, పడవ రేకుకు నీలం. మా ఇంటికి వచ్చినప్పుడు పెరటివైపు రాడు.

రేకు మాత్రం సంపు మీదే ఉంది. అమ్మేద్దామంటే నిత్య ఒప్పుకోలేదు. బావ తెచ్చి వేసింది కదా అంది. మూసేటప్పుడు రాత పైకి వచ్చేలా వేసింది. నేను సున్నం పెట్టి రుద్దినా ఆ మార్కరు పోలేదు. నిత్య ఇప్పుడు దు ఎలా రాయాలో, డు ఎలా రాయాలో పలక మీద నేర్చుకుంటోంది. నన్నే నేర్పమంది. రెండూ పక్కపక్కన రాసి, ఇది ఏదమ్మా, ఇది ఏదమ్మా అని అడుగుతుంది. ఒక్కోసారి నాకూ తెలియడం లేదు.

మధ్యాహ్నం ఎండ పెరట్లోకి వచ్చేసరికి రేకు వేడెక్కి టక్కుమంటుంది. ఎక్కడున్నా నాకు వినబడుతుంది. వంటింట్లో ఉన్నా, నిద్రలో ఉన్నా. ఎండకు ఆ రేకుకేమీ కాదని, అది ఊరికే సాగే చప్పుడని మునిరత్నం ఫోనులో చెప్పాడు. చెప్పనీ. నేను లేచి పోయి ఒక బిందె నీళ్ళు దాని మీద పోస్తాను. ఆవిరి లేస్తుంది. చెయ్యి పెట్టి చూస్తాను. చల్లబడిందనిపించేదాకా అక్కడే నిలబడతాను.

నీలం గళ్ళ లుంగీ నా చీరల కిందే ఉంది. ఉతకలేదు. బీరువా తెరిచినప్పుడల్లా చీరలు ఎత్తి చూసి మళ్ళీ కప్పేస్తాను.

రఘు తిరిగి రాలేదు. అది రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు ఒకటో తేదీ, గురువారం.